గురుకుల ప్రిన్సిపాల్: నెత్తిన బరువెంత, చేతిలో పట్టెంత?

క్లుప్తంగా: గురుకులంలో మంచి జరిగినా చెడు జరిగినా ముందు వినిపించేది ప్రిన్సిపాల్ పేరే. ఫలితాలు బాగుంటే సన్మానం, పిల్లలు ఆసుపత్రి పాలైతే సస్పెన్షన్. అయితే సరుకుల టెండరు, వంటవాళ్ల కాంట్రాక్టు, భవనం అద్దె, టీచర్ల నియామకం వంటివి ఆ కుర్చీ చేతిలో ఉండవు. 1971లో సర్వేల్ గురుకుల పాఠశాలతో రూపుదిద్దుకున్న ఈ పదవి ఉత్తర తెలంగాణలో ఎలా మారుతూ వచ్చింది, ఒక ప్రిన్సిపాల్ నిజంగా దేన్ని మార్చగలరు, దేన్ని మార్చలేరు అన్నదే ఈ వ్యాసం.

వార్తల్లో కనిపించేది

వానాకాలం మొదలైందంటే ఉత్తర తెలంగాణ జిల్లాల పేపర్లలో ఒక రకం వార్త తరచూ కనిపిస్తుంది. ఫలానా మండలంలో గురుకుల విద్యార్థులకు వాంతులు, విరేచనాలు. ఆసుపత్రికి తరలింపు. అధికారుల పరామర్శ. సాయంత్రానికల్లా ప్రిన్సిపాల్ సస్పెన్షన్. రెండు రోజులు గడిచాక, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పిల్లను ఇంటికి తీసుకెళ్తున్న తండ్రి ఫొటో. 2024 అక్టోబరు చివర్లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడిలోని గిరిజన సంక్షేమ విద్యాలయంలో పిల్లలు అస్వస్థతకు గురయ్యారు. వారిలో ఒక బాలిక దాదాపు నెల రోజులు చికిత్స పొంది హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూసింది. రాష్ట్రమంతా తల్లడిల్లిన ఘటన అది.

వేసవి వచ్చేసరికి అవే పేపర్లలో పది, ఇంటర్ ఫలితాల వార్తలుంటాయి. కూలి పని చేసుకునే ఇంటి బిడ్డకు మంచి మార్కులొచ్చాయని, మెడికల్ సీటొచ్చిందని రాస్తారు. ఆ ఫొటోలో పక్కన నిలబడి స్వీటు తినిపిస్తున్నది కూడా ప్రిన్సిపాలే.

ఈ రెండు వార్తలూ చదివినవారికి అయోమయం కలగడం సహజం. గురుకులాన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ ఒకే మనిషా? అదే నిజమైతే మంచి ప్రిన్సిపాళ్లను వెతికి పెట్టుకుంటే సరిపోవాలి. నిజం కాకపోతే సస్పెన్షన్ ఉత్తర్వుతో ఏం మారుతున్నట్టు? జవాబు దొరకాలంటే ముందు ఈ పదవి పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

బడిపెద్ద అధికారం: ఓరుగల్లు అనుభవం

నిజాం రాజ్యంలో 1884 నుంచి ఉర్దూ అధికార భాష. హైస్కూలు చదువు ఉర్దూలోనే సాగేది. తెలుగు ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి అక్షరంతో పాటు పరాయి భాషనూ దాటాల్సిన పరిస్థితి. ప్రైవేటుగా నడిచే ఖాన్గీ బడులకు సర్కారు అనుమతి తప్పనిసరి చేయడంతో ఊళ్లలో చాలా బడులు మూతపడ్డాయి. ఆ లోటును కొంతైనా పూడ్చినవి గ్రంథాలయాలు. హనుమకొండలో 1904లో ఏర్పడిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అలాంటిదే. ఆనాటి సర్కారు బడిలో ప్రధానోపాధ్యాయుడిని సదర్ ముదర్రిస్ అనేవారు. పైనుంచి వచ్చిన ఉత్తర్వును అమలు చేయడం ఆయన పని. పిల్లవాడిని ఉంచాలా, వెళ్లగొట్టాలా అన్నది కూడా విద్యాసంస్థ పెద్ద చేతిలోనే ఉండేది.

ఆ అధికారం ఎంత పెద్దదో 1938లో తేలింది. వందేమాతరం పాడినందుకు ఉస్మానియాతో పాటు వరంగల్‌లో కూడా విద్యార్థులను బహిష్కరించారు. సంస్థానంలో చదువుకునే దారి మూసుకుపోయిన ఆ పిల్లలకు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది. ఒకచోట వెళ్లగొట్టడం, ఇంకోచోట చేర్చుకోవడం, రెండూ విద్యాసంస్థల పెద్దలు తీసుకున్న నిర్ణయాలే. నాగపూర్ వెళ్లినవారిలో వంగర పిల్లవాడు పి.వి.నరసింహారావు ఒకరు. ఈ కథలో ఆయన మళ్లీ వస్తారు.

1948లో సంస్థానం విలీనమయ్యాక తెలుగు మాధ్యమం విస్తరించింది. తెలుగులో పాఠం చెప్పే టీచర్ల అవసరం ఒక్కసారిగా పెరిగింది. ఆ ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదన్న ఆగ్రహంతో 1952లో ముల్కీ ఉద్యమం రాజుకున్నది వరంగల్‌లోనే. బడి ఉద్యోగం ఎవరిది, బడిని నడిపేదెవరు అన్న ప్రశ్నలు ఈ ప్రాంతంలో ఏనాడూ ఆఫీసు ఫైలుకే పరిమితం కాలేదు. గురుకులం గురించి నేడు జరుగుతున్న చర్చలో ఇంత వేడి ఉండటానికి ఈ నేపథ్యం కూడా కారణమే.

సర్వేల్ తెచ్చిన మార్పు

1971లో పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే అప్పటి నల్గొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది కోస్తాలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్లి వచ్చాయి. ఊళ్లలో ప్రతిభ ఉండీ వసతి లేని పిల్లలను పరీక్ష పెట్టి ఎంపిక చేయడం, టీచర్లతో సహా అందరూ ప్రాంగణంలోనే ఉండటం ఈ బడుల పద్ధతి.

ప్రిన్సిపాల్ పదవి స్వరూపం ఇక్కడే మారింది. మామూలు బడిలో సాయంత్రం గంట కొట్టగానే పిల్లవాడి బాధ్యత తల్లిదండ్రులకు తిరిగి వెళ్తుంది. గురుకులంలో అలా వెళ్లదు. జ్వరం, ఆకలి, బెంగ, గొడవ, అర్ధరాత్రి భయం వంటివన్నీ బడివే. అంటే ప్రిన్సిపాల్ ఒక్కరే హెడ్మాస్టరు, వార్డెను, కొంతవరకు తల్లీతండ్రీ.

తొలి తరం ప్రిన్సిపాళ్లకు మంచి పేరు రావడానికి వారి అంకితభావం ఒక్కటే కారణమనుకుంటే సగమే చూసినట్టు. అప్పట్లో సంస్థలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పై అధికారికి ప్రతి బడీ కళ్ల ముందు ఉండేది. టీచర్లు ప్రాంగణంలోనే కాపురం ఉండేవారు కాబట్టి రాత్రి ఎనిమిదింటికి లెక్క అర్థం కాని పిల్లవాడు సారు ఇంటి తలుపు తట్టేవాడు. ఆ ఏర్పాటే మామూలు ప్రిన్సిపాల్‌ను కూడా మంచి ప్రిన్సిపాల్‌గా నిలబెట్టగలిగింది.

1985లో పి.వి. కేంద్రంలో మానవ వనరుల శాఖ చేపట్టాక ఇదే ఆలోచన నవోదయ విద్యాలయాల రూపం తీసుకుంది. వరంగల్ జిల్లాకు మామునూరులో, కరీంనగర్‌కు చొప్పదండిలో, నిజామాబాద్‌కు నిజాంసాగర్‌లో, ఆదిలాబాద్‌కు కాగజ్‌నగర్‌లో నవోదయలు వచ్చాయి.

మూడొందల నుంచి వెయ్యికి

1980ల్లో సాంఘిక సంక్షేమ గురుకులాలు, తర్వాత గిరిజన సంక్షేమ గురుకులాలు పెరుగుతూ వచ్చాయి. అసలు వేగం తెలంగాణ ఏర్పడ్డాక వచ్చింది. 2014 నాటికి మూడొందల దరిదాపుల్లో ఉన్న గురుకులాలు వెయ్యి దాటాయి. ఒక్క మైనారిటీ గురుకులాలను నడిపే సొసైటీలోనే 2016 నుంచి రెండేళ్లలో 204 బడులు తెరిచారు. బీసీ గురుకులాలదీ దాదాపు అదే వేగం.

పేద ఇళ్లకు ఇది ఎంత మేలు చేసిందో ఊళ్లలో అడిగితే చెబుతారు. పత్తి ఏరే సీజన్‌లో బడి మానేసే ఆడపిల్ల గురుకులంలో చేరాక ఇంటర్ దాకా ఆగకుండా చదువుతోంది. ఈ లాభాన్ని తక్కువ చేసి చూడకూడదు.

అయితే బడులు పెరిగినంత వేగంగా ప్రిన్సిపాళ్లు తయారు కాలేదు. బీసీ, మైనారిటీ గురుకులాలు చాలా వరకు అద్దె భవనాల్లో మొదలయ్యాయి. ఎప్పుడో మూతపడ్డ ఇంజినీరింగ్ కాలేజీయో, ఫంక్షన్ హాలో, అపార్ట్‌మెంట్ లాంటి కట్టడమో బడిగా మారింది. అలాంటి చోట ప్రిన్సిపాల్‌కు క్వార్టరు ఉండదు. టీచర్లు వరంగల్ నుంచో కరీంనగర్ నుంచో రోజూ బస్సులో వచ్చిపోతారు. రాత్రి డ్యూటీ వంతులవారీగా పడుతుంది. సర్వేల్ నమూనాలో గుండెకాయ లాంటి సహజీవనం ఇక్కడ కాగితం మీద మిగిలింది. పేరు మాత్రం రెంటికీ గురుకులమే.

ఒక రోజు, ఒక గిన్నె అన్నం

ప్రిన్సిపాల్ పని ఎంత లోతైనదో తెలియాలంటే వంటగదిని చూడాలి.

ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉన్న గురుకులంలో పూర్తి బలం 640. తరగతికి 80 మంది, రెండు సెక్షన్లు. పొద్దున ఐదింటికి లేచే పిల్లలకు టిఫిన్, మధ్యాహ్న భోజనం, సాయంత్రం స్నాక్స్, రాత్రి భోజనం. బియ్యం కడగడం తెల్లవారుజామునే మొదలవుతుంది. ఇంత మందికి ఒకేసారి వండితే చివరి వరుస పిల్లలు తినేసరికి మొదటి వాయి అన్నం వండి మూడు నాలుగు గంటలవుతుంది.

రాత్రి అన్నం మిగిలిందనుకుందాం. ఇళ్లలో చేసినట్టే పొద్దున తాలింపు పెట్టి పులిహోర చేస్తే వృథా కాదు కదా అనిపిస్తుంది. ఇంట్లో నలుగురికి చేసే ఈ పని గురుకులంలో ప్రమాదం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నాన్ని పెద్ద గిన్నెలో మూతపెట్టి గది వేడిలో వదిలేస్తే, గిన్నె నడుమ భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండి అవి మొలకెత్తి పెరుగుతాయి. వాంతులు తెప్పించే విషాన్ని అవి ఒకసారి తయారు చేశాయంటే మళ్లీ వేడి చేసినా అది పోదు. వాసన మారదు, రుచి కూడా పెద్దగా మారదు. అందుకే రుచి చూసి సంతకం పెట్టిన ప్రిన్సిపాల్ కూడా మోసపోవచ్చు.

అనుభవం ఉన్న ప్రిన్సిపాల్ అన్నం ఎలా ఉందని అడిగి ఊరుకోరు. ఎన్నింటికి దించారని అడుగుతారు. రాత్రి మిగిలింది రాత్రే బయటికి వెళ్లిందా లేదా అని చూస్తారు. తర్వాత నల్లాల దగ్గరికి వెళ్తారు. పది నల్లాలుంటే 640 మంది పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవడానికి ఒక్కొక్కరు అర నిమిషం తీసుకున్నా అరగంట దాటుతుంది. బెల్లు కొట్టేది పదిహేను నిమిషాల ముందే అయితే సగం మంది చేతులు కడగకుండానే కంచం ముందు కూర్చుంటారు. ఇది పిల్లల క్రమశిక్షణతో ముడిపడిన విషయం కాదు. నల్లాల లెక్క, బెల్లు టైము లెక్క. భోజనానికి తరగతుల వారీగా రెండు బ్యాచులు పెడితే ఖర్చు లేకుండా తీరే సమస్య. ఇలాంటి చిన్న సర్దుబాటు చేసే ప్రిన్సిపాల్ పేరు పేపర్లో రాదు, ఎందుకంటే అక్కడ ఏమీ జరగదు.

రాత్రి కథ వేరు. పదకొండింటికి డార్మిటరీలో ఒక పిల్లకు జ్వరం ఎక్కువైందని కేర్ టేకర్ ఫోన్. స్టాఫ్ నర్సు పారాసిటమాల్ ఇచ్చింది. తగ్గలేదు. ఇప్పుడు 108 పిలవాలా, పొద్దున దాకా చూడాలా? ఏటూరునాగారం వైపు బడి అయితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వంద కిలోమీటర్లకు పైనే. పిలిచాక మామూలు జ్వరమని తేలితే ప్రతిదానికీ హడావుడి చేస్తారన్న మాట పడాలి. పిలవకపోతే, అది డెంగీ అయితే, ఆ మాట కన్నా పెద్ద నష్టం జరుగుతుంది. ఈ నిర్ణయం తీసుకోవడానికి ఉన్నది పది నిమిషాలు. అనుభవజ్ఞులు చెప్పే సూత్రం ఒకటే: అనుమానం వస్తే ఆసుపత్రికి. ఆ సూత్రం పాటించాలంటే మాట పడటానికి సిద్ధంగా ఉండాలి. మాట పడ్డవారి వెనుక పై అధికారి నిలబడాలి.

పది లక్షల వంట, చేతిలో లేని టెండరు

పిల్లల భోజన ఖర్చుకు ఇచ్చే డైట్ చార్జీలను రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 1 నుంచి 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి వరకు నెలకు ఒక్కో విద్యార్థికి 950 రూపాయలు 1,330 అయ్యాయి. ఎనిమిది నుంచి పది వరకు 1,100 నుంచి 1,540. ఇంటర్, ఆపై వారికి 1,500 నుంచి 2,100. అంతకుముందు 2017 తర్వాత ఏ పెంపూ అమలు కాలేదు. ఏడేళ్లలో కందిపప్పు, నూనె, గుడ్డు ధరలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాయో అందరికీ తెలుసు. కొత్త లెక్కలో చూసినా చిన్న తరగతి పిల్లకు రోజుకు దాదాపు 44 రూపాయలు, ఇంటర్ విద్యార్థికి 70.

పూర్తి బలం ఉన్న బడికి దీన్ని గుణిస్తే నెలకు పది లక్షల రూపాయలు దాటుతుంది. ఒక మండల కేంద్రంలో చిన్నపాటి వ్యాపార సంస్థ నడిచే లెక్క అది. దాన్ని పర్యవేక్షించే ప్రిన్సిపాల్ చదివింది ఎమ్మెస్సీ, బీఈడీ.

ఆ డబ్బు మీద ప్రిన్సిపాల్‌కు ఉన్న పట్టు చాలా తక్కువ. సరుకులు, కూరగాయలు, మాంసం ఎవరు ఇవ్వాలో జిల్లా స్థాయి టెండర్లలో తేలుతుంది. వంట చేసేవారు క్యాటరింగ్ కాంట్రాక్టర్ మనుషులు. వంటమనిషి పని బాగాలేకపోతే ప్రిన్సిపాల్ నేరుగా తీసేయలేరు. కాంట్రాక్టర్‌కు చెప్పాలి, వినకపోతే పైకి రాయాలి. పుచ్చు వంకాయలు వస్తే తిప్పి పంపే హక్కు కాగితం మీద ఉంది. తిప్పి పంపితే ఆ పూట 640 మందికి కూర ఏది? బిల్లు రెండు మూడు నెలలు ఆలస్యమైందంటే ఒక్క బడి మీదే సప్లయర్‌కు ఇరవై, ముప్పై లక్షల బాకీ పేరుకుపోతుంది. బాకీ ఉన్నవాడితో నాణ్యత గురించి గట్టిగా మాట్లాడటం ఎవరికైనా కష్టమే. డైట్ బిల్లులను ఆలస్యం లేకుండా చెల్లిస్తామని ప్రభుత్వం ఇచ్చిన మాట ఎంతవరకు నిలబడుతుందన్నది అందుకే మెనూ కన్నా ముఖ్యం.

భవనం సంగతీ అంతే. 2024 దసరా సెలవులు ముగిశాక, అద్దె బకాయిలు ఇవ్వలేదని రాష్ట్రంలో పలుచోట్ల యజమానులు గురుకులాల గేట్లకు తాళాలు వేశారు. సంచులతో తిరిగొచ్చిన పిల్లలు గేటు బయట నిలబడ్డారు. ఆ గేటు ముందు తల్లిదండ్రులకు సమాధానం చెప్పాల్సి వచ్చినది ప్రిన్సిపాలే. అద్దె చెల్లించే ఫైలు ఎక్కడ ఆగిందో ఆ మనిషికి కూడా తెలియదు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపం పంచుకునేవారు చాలామంది, ఉత్తర్వు అందుకునేది ఒక్కరు. సస్పెన్షన్ ఇంత త్వరగా రావడానికి కారణం కూడా ఇదే. టెండరు రద్దు చేయాలంటే విధివిధానాలు ఉంటాయి, నీళ్ల ట్యాంకు మార్చాలంటే నిధులు కావాలి, ఖాళీ పోస్టు నింపాలంటే నోటిఫికేషన్ కావాలి. అదే రోజు చేయగలిగింది ఒక్క సస్పెన్షనే. నిర్లక్ష్యం చేసిన ప్రిన్సిపాల్ మీద చర్య ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ చర్య అక్కడితో ఆగితే కొత్తగా వచ్చిన ఇంచార్జి ప్రిన్సిపాల్ అదే ట్యాంకు నీళ్లతో, అదే కాంట్రాక్టుతో మర్నాడు పొద్దున పని మొదలుపెడతారు.

మిగతా బడులతో పోలిస్తే

నవోదయ ప్రిన్సిపాల్‌కు కూడా ఇలాంటి బాధ్యతే ఉంది. తేడా ఏర్పాటులో ఉంది. అక్కడ వైస్ ప్రిన్సిపాల్ పోస్టు ఉంటుంది. టీచర్లు క్యాంపస్ క్వార్టర్లలో ఉంటూ హౌస్ మాస్టర్లుగా పిల్లల బాగోగులు చూస్తారు. క్యాటరింగ్ సూపర్‌వైజర్, మెస్ హెల్పర్ పోస్టులను సంస్థే నియామకాల ద్వారా నింపుతుంది. యాజమాన్య కమిటీకి జిల్లా కలెక్టర్ అధ్యక్షులు కాబట్టి కరెంటు, నీళ్లు, ఆసుపత్రి లాంటి స్థానిక సమస్య నేరుగా జిల్లా యంత్రాంగం దృష్టికి వెళ్తుంది. ఇంతా చేసి ఏటా ఆరో తరగతిలో చేరేది గరిష్ఠంగా 80 మందే, జిల్లాకు ఉండేది ఒకటో రెండో బడులు. తక్కువ మందికి ఎక్కువ వసతి అన్నది నవోదయ పద్ధతి, ఎక్కువ మందికి అందినంత వసతి అన్నది గురుకుల పద్ధతి. రెండింటి ఫలితాలను పక్కపక్కన పెట్టి ప్రిన్సిపాళ్ల సామర్థ్యాన్ని కొలవడం న్యాయం కాదు.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో పరిస్థితి ఇంకా కఠినం. బడి మానేసిన, అసలు బడికే వెళ్లని ఆడపిల్లల కోసం 2004లో వచ్చిన పథకం ఇది. ఇక్కడ ప్రిన్సిపాల్ అనే పేరు కూడా లేదు, స్పెషల్ ఆఫీసర్ అంటారు. వందల మంది ఆడపిల్లలను రాత్రింబవళ్లు చూసుకునే ఆ మహిళది కాంట్రాక్టు ఉద్యోగం. 2024 డిసెంబరులో కస్తూర్బా సిబ్బంది కూడా ఉన్న సమగ్ర శిక్ష పథకం ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు కస్తూర్బాల్లో పాఠాలు ఆగిపోయాయి. ఆ తర్వాత గానీ ఈ బడుల భారం ఎవరి భుజాల మీద ఉందో బయటివారికి తెలియలేదు.

గిరిజన ప్రాంతాల్లో ఉట్నూరు, ఏటూరునాగారం ఐటీడీఏల (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల) కింద నడిచే ఆశ్రమ పాఠశాలల్లో హెడ్మాస్టరే చాలాచోట్ల వార్డెన్ పని కూడా చూస్తారు. పొద్దున సరుకుల తూకం, పదింటికి పాఠం, సాయంత్రం బిల్లుల అప్‌లోడ్. ఈ మూడింటిలో ముందు తగ్గేది పాఠమే.

జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టర్ల సమస్య వేరే రకం. రాత్రి బాధ్యత లేదు గానీ, ప్రభుత్వ టీచర్లు, పంచాయతీరాజ్ టీచర్ల మధ్య ఏకీకృత సర్వీసు నిబంధనల వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 2017లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులను మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది. దాంతో రెగ్యులర్ ఎంఈఓలు (మండల విద్యాధికారులు) లేక, సీనియర్ హెడ్మాస్టర్లే ఇంచార్జి ఎంఈఓలుగా పనిచేశారు. సొంత బడిలో ఒక కాలు, మండలంలో ఒక కాలు పెట్టినట్టు రెండూ అరకొరగా నడిచాయి.

దారి చూపినవారు చేసే పని

ఇన్ని పరిమితుల నడుమ కూడా కొన్ని బడులు వేరుగా నిలబడతాయి. అక్కడి ప్రిన్సిపాళ్ల ప్రయాణంలో కొన్ని పోలికలు కనిపిస్తాయి.

చాలామందిది ఊరి బడిలో మొదలైన చదువు. కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలో డిగ్రీ, పీజీ, బీఈడీ. గురుకులంలో టీచరుగా చేరి పదిహేను, ఇరవై ఏళ్లు పాఠం చెప్పాక ప్రమోషన్ మీద ప్రిన్సిపాల్. 2017లో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీఎస్‌పీఎస్‌సీ) ద్వారా నేరుగా ప్రిన్సిపాళ్ల నియామకానికి కూడా ప్రకటన వెలువడింది. హాస్టల్లో చదువుకుని వచ్చిన మనిషి ప్రిన్సిపాల్ అయితే ఒక తేడా వెంటనే తెలుస్తుంది. కొత్తగా చేరిన ఐదో తరగతి పిల్ల మొదటి వారం అన్నం సరిగా తినకపోతే కూరలో లోపం కన్నా ముందు ఇంటి మీద బెంగను గుర్తుపడతారు. అదే ఊరి నుంచి వచ్చిన పెద్ద తరగతి పిల్లను పక్క మంచం మీద పడుకోబెడతారు. ఈ చిన్న పని వల్ల దసరాకు ఇంటికెళ్లిన పిల్ల మళ్లీ తిరిగి వస్తుంది.

ఆడపిల్లల గురుకులాల్లో మహిళా ప్రిన్సిపాల్ ఉండటం వల్ల వచ్చిన మార్పు ఇంకా లోతైనది. పదో తరగతి కాగానే పెళ్లి సంబంధం చూశామని తండ్రి టీసీ అడగడానికి వస్తే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, చట్టం సంగతి చెప్పి, ఇంటర్ సీటు ఇక్కడే ఖాయమని మాట ఇచ్చి పంపడం ఆ ఆఫీసు గదుల్లో మామూలుగా జరిగే పని. అది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

ఇలాంటి బడుల నుంచి ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పడానికి నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ ఒక్క ఉదాహరణ చాలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ కూడా గురుకుల విద్యార్థే. అప్పటి సొసైటీ కార్యదర్శి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్ చొరవ గురించి అందరికీ తెలుసు. అయితే ఇలాంటి ప్రతి అవకాశానికీ ముందు ఒక మెట్టు ఉంటుంది. వందల మందిలో ఏ పిల్లను పంపాలో బడిలో ఎవరో ఒకరు గుర్తించాలి, భయపడే తల్లిదండ్రులను ఒప్పించాలి. పై అధికారి తలుపు తీయగలరు. లోపలికి ఎవరిని పంపాలో తెలిసినవారు బడిలోనే ఉంటారు.

పూర్ణ కాలాన్ని జాగ్రత్తగా చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. ప్రవీణ్ కుమార్ 2012 నుంచి 2021 వరకు, దాదాపు తొమ్మిదేళ్లు ఒకే సొసైటీకి కార్యదర్శిగా ఉన్నారు. పైన ఒకే మనిషి అంతకాలం ఉంటే కింద ప్రిన్సిపాల్‌కు రేపు ఏం అడుగుతారో తెలుస్తుంది, ప్రయోగం చేయడానికి ధైర్యం వస్తుంది. పై కుర్చీలో మనిషి మారినప్పుడల్లా టైంటేబుల్ మారితే, ప్రిన్సిపాల్ పని సర్క్యులర్లకు జవాబు రాయడంగా మిగులుతుంది. బడిలో మార్పు రావడానికి కనీసం ఒక బ్యాచ్ ఐదు నుంచి పది దాకా చదివేంత కాలం, అంటే ఆరేళ్లు కావాలి.

ఇకముందు ఏం జరగవచ్చు

2024 డిసెంబరులో అన్ని సంక్షేమ విద్యాసంస్థలకూ ఒకే మెనూ తెచ్చారు. ఏ సొసైటీ పిల్లకైనా ఒకటే భోజనం అన్న సూత్రం మంచిది, తనిఖీ కూడా సులువవుతుంది. నష్టం ఒకటుంది. ఉట్నూరు పిల్లలు ఇంట్లో తినే జొన్న గటక, రొట్టెకు, వరంగల్ పిల్లలు తినే వరి అన్నానికి మెనూలో తేడా చూపే వీలు ప్రిన్సిపాల్‌కు ఇంకా తగ్గుతుంది.

దీనికన్నా పెద్ద మార్పు యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్లతో రానుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలను ఒకే ప్రాంగణంలోకి తెచ్చే ఈ పథకానికి 2024 అక్టోబరులో శంకుస్థాపనలు జరిగాయి. ఇరవై, పాతిక ఎకరాల్లో, 2,560 మంది పిల్లలు. ఇప్పటి పూర్తి బలం గురుకులాలు నాలుగు కలిపితే ఎంతో అంత. సొంత భవనం, క్వార్టర్లు, ఆటస్థలం రావడం వల్ల అద్దె భవనాల బాధ తీరుతుంది. సర్వేల్‌లో లాగా టీచర్లు పిల్లలతో పాటే ఉండే వీలు కూడా మళ్లీ వస్తుంది. కులం పేరుతో, మతం పేరుతో వేరువేరు గేట్లలోంచి వెళ్తున్న పిల్లలు ఒకే గ్రౌండులో ఆడుకోవడం దానంతట అదే పెద్ద లాభం.

అయితే 640 మందికి అన్నం దించిన టైము కనుక్కోవడమే కష్టమైన చోట, 2,560 మందికి ఒకే వంటగది ఉంటుందా, నాలుగు ఉంటాయా? నాలుగు సొసైటీల సిబ్బంది ఒక్క ప్రిన్సిపాల్ మాట వింటారా, ఎవరి సొసైటీకి వారు జవాబుదారీగా ఉంటారా? రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ప్రాంగణంలోనే బండి ఉంటుందా? కుళ్లిన కూరగాయల లోడును గేటు దగ్గరే ఆపి, ఆ పూటకు అంగడిలో కొనుక్కోవడానికి కొంత డబ్బు ప్రిన్సిపాల్ చేతిలో ఉంటుందా? భవనాల నమూనాలు చూపించినంత వివరంగా ఈ నియమాలను కూడా ముందే రాసి పెట్టాలి. పిల్లలు చేరేది భవనాల్లోకే అయినా, చేరిన రోజు రాత్రి వాళ్లకు జ్వరమొస్తే ఫోన్ మోగేది ప్రిన్సిపాల్ ఇంట్లోనే.